రాయి కన్నది, వాన పెంచినది

విద్యానగర్ వైపు నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ప్రవేశించి తార్నాక దాకా నడిచేవారికి దారి పొడవునా రెండు వస్తువులు విడవకుండా కనిపిస్తాయి. ఒకటి రాయి, రెండవది గడ్డి. ఒకదానిపై ఒకటి పేర్చినట్లు నిలిచిన గుండ్రని బండలు, వాటి సందుల్లో సీతాఫలపు పొదలు, తంగేడు గుబురులు, ఖాళీ జాగా దొరికిన చోటల్లా అల్లుకున్న గడ్డి. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం కూడా ఈ రాతి కుటుంబానికి చెందిన గులాబి ఛాయ గ్రానైటుతో రూపుదిద్దుకొన్నదే. తొలకరి తరువాత పదిరోజులకే ఆ గడ్డి పచ్చబడుతుంది. దసరా నాటికి మోకాలెత్తు పెరిగి కంకి వేస్తుంది. సంక్రాంతికి పండుబారి, శివరాత్రి వచ్చేసరికి నిప్పురవ్వ పడితే చాలు, భగ్గుమనేటట్లు ఎండిపోతుంది. రాతికీ గడ్డికీ నడుమ మూడవ వస్తువు ఒకటి ఉన్నది. చాలామంది దాన్ని చూస్తారు కాని గమనించరు. అది నేల. ప్రాంగణంలో చాలాచోట్ల జానెడు, మూరెడు లోతుకు మించని ఎర్రని పలుచని పొర అది.

ఆ పొర ఎర్రగా ఎందుకున్నది? అదే వాన, అదే ఎండ అనుభవించే పటాన్‌చెరు పొలాల్లో నేల నల్లగా ఎందుకున్నది? ఈ ప్రశ్నలకు జవాబు వెదకడమంటే నేలకు తల్లి ఎవరో తెలుసుకోవడమే.

ప్రాచీనులు ఈ విషయాన్ని ఊరక వదలలేదు. అమరకోశంలోని భూమివర్గంలో నేలల పేర్లే ఒక చిన్న శాస్త్రంగా అమరి ఉన్నాయి. అన్ని పంటలూ పండే నేల ఉర్వర, ఉప్పుతేలిన చౌటినేల ఊషరం, గులకరాళ్ళది శర్కరిలం, ఇసుకది సికతిలం, లేగడ్డితో పచ్చనైనది శాద్వలం. వీటన్నిటికంటె విలువైన విభజన మరొకటి ఉన్నది. వాననీటితో పండే దేశాన్ని ‘దేవమాతృక’ మనీ, ఏటినీటితో పండే దేశాన్ని ‘నదీమాతృక’ మనీ పేర్కొన్నారు. అంటే నేలకు తల్లి నీరు. ఆధునిక భూవిజ్ఞానం తెలుగులోకి వచ్చినప్పుడు నేల ఏ రాతినుంచి పుడుతుందో ఆ రాతికి ‘మాతృశిల’ అని పేరు పెట్టారు. ఈ లెక్కన నేలకు తల్లి రాయి. రెండు మాటలూ సత్యమే. దేవకి కన్న బిడ్డను యశోద పెంచినట్లు, రాయి కన్న నేలను వాన పెంచుతుంది. అయితే బిడ్డకు పోలికలు ఎవరివి వస్తాయన్నదే అసలు సమస్య. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధం నుంచి శాస్త్రజ్ఞులు తర్కించినది దీన్ని గురించే.

మొదట కన్నతల్లి సంగతి. హైదరాబాదు గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. భూగర్భంలో కరిగి ఉన్న శిలాద్రవం మెల్లమెల్లగా చల్లారి గట్టిపడడం వల్ల ఇది ఏర్పడింది. నిదానంగా చల్లారింది కనుకనే దాని స్ఫటికాలు కంటికి ఆనేటంత పెద్దవి. చేతిలోకి ఒక ముక్క తీసుకొని చూస్తే గాజులా మెరిసే పలుగురాయి, గులాబి లేదా తెలుపు రంగు ఫెల్డ్‌స్పార్, నల్లని అభ్రకపు రేకులు వేరువేరుగా గుర్తుపట్టవచ్చు. ఈ మూడింటి స్వభావం ఒకటి కాదు. వాననీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిపాటి ఆమ్లగుణంతో రాతిమీద పడుతుంది. ఆ నీటికి పలుగురాయి లొంగదు. ఫెల్డ్‌స్పార్ లొంగుతుంది, దానిలోని పొటాషియం, సోడియం, కాల్షియం కరిగి నీటితో వెళ్ళిపోగా మిగిలినది తెల్లని మెత్తని మన్నుగా మారుతుంది. దానికి కేయొలినైట్ అని పేరు. అభ్రకంలోని ఇనుము గాలి సోకి తుప్పుపడుతుంది. ఎర్రనేల ఎరుపు ఈ తుప్పుదే. చెక్కుచెదరని పలుగురాయి ఇసుకగా మిగులుతుంది. ఇసుక, కేయొలినైట్, తుప్పు - ఈ మూడింటి కలయికనే తెలంగాణ రైతు ‘చల్కా’ అన్నాడు. ఇసుకపాలు మరీ ఎక్కువైనప్పుడు అది ‘దుబ్బ నేల’ అయింది.

ప్రాంగణంలోని బండలు గుండ్రంగా ఉండడానికి కారణం కూడా ఈ క్రియే. పగుళ్ళమీదుగా దిగిన నీరు చదరపు దిమ్మెల అంచులనూ మూలలనూ రెండు మూడు వైపుల నుంచి ఒకేసారి తింటుంది. మూలలు ముందు అరిగిపోతాయి. ఉల్లిపొరల వంటి పెచ్చులు ఊడిపోతాయి. నడిమి గట్టి భాగం గుండుగా మిగులుతుంది. ఎవరో రాక్షసులు ఆడుకొంటూ పేర్చి వదిలిన గోళీల్లా కనిపించే ఆ బండలు నిజానికి నేలగా మారడానికి ఇంకా ఒప్పుకోని రాతి మిగులు. తార్నాక సమీపంలో ఇంటి పునాదికి గొయ్యి తవ్వినా ఈ కథ అంతా నిలువునా చదవవచ్చు. పైన ఎర్రమన్ను, కింద మొరం, దానికింద చేతితో నలిపితే పొడి అయ్యే కుళ్ళిన రాయి, అట్టడుగున గడ్డపారకు లొంగని గ్రానైటు. ఇటువంటి రాళ్ళ పుట్టుపూర్వోత్తరాలను పరిశోధించే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో ఈ నగరంలోనే ఏర్పడి, తార్నాకకు కూతవేటు దూరంలో కొనసాగుతున్నది.

చల్కానేలలో మరొక విశేషం ఉన్నది. వానకు పైపొరలోని సన్నని బంకమన్ను కొట్టుకొనిపోయి కొంత దిగువపొరలో నిలుస్తుంది. అందుచేత పైన ఇసుక, కింద కొంచెం బంక. పెద్దవాన వెలిసి ఎండకాస్తే పైపొర అట్టకట్టి పెచ్చుగా బిగుస్తుంది. అప్పుడే మొలకెత్తిన జొన్న ఆ పెచ్చును చీల్చుకొని రాలేక లోపలే చచ్చిపోవడం రైతులకు తెలిసిన బాధ. వాన పది రోజులు ముఖం చాటేస్తే చల్కామీది పైరు వాడుతుంది. ఎందుకంటే ఇసుక నీటిని పట్టుకోదు. కేయొలినైట్ కూడా అంతంతమాత్రమే.

ఇక పటాన్‌చెరు. నగరానికి పశ్చిమంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని ఈ ఊరి దగ్గర 1972లో అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ, వాడుకలో ఇక్రిశాట్, నెలకొన్నది. మెట్టప్రాంతపు రెండు ప్రధాన నేలలు, ఎర్రనిదీ నల్లనిదీ, ఒకే పొలంలో దొరకడం ఆ స్థలానికి ఉన్న ప్రత్యేకత. అక్కడి ఎర్రనేలను పటాన్‌చెరు శ్రేణి అనీ, నల్లనేలను కాశిరెడ్డిపల్లి శ్రేణి అనీ నేలల శాస్త్రంలో పిలుస్తారు. రెండు సామాన్య పల్లెల పేర్లు ఇలా ప్రపంచ శాస్త్రగ్రంథాలకు ఎక్కాయి. అక్కడ రెండు నేలల మీదా పడే వాన ఒకటే, కాసే ఎండ ఒకటే. ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వర్షం. అందులో నూటికి డెబ్బైపాళ్ళకు పైగా జూన్ నుంచి సెప్టెంబరు లోపలే కురుస్తుంది. ఏడాది పొడవునా ఆవిరి కాగల నీరు దానికి రెట్టింపుకు పైమాటే. ఆకాశం ఒకటైనా నేలలు రెండు. ఎందుకంటే రాళ్ళు రెండు. ఎర్రనేల కింద గ్రానైటు జాతి శిల. నల్లనేలకు మూలం బసాల్టు నుంచి వచ్చి చేరిన ఒండ్రు.

బసాల్టు పుట్టుక గ్రానైటుకు పూర్తిగా భిన్నం. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట దక్కను నేల చీలి, లావా ఒక పొరమీద ఒక పొరగా పారి గడ్డకట్టింది. నేటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ శిల పరచుకొని ఉన్నది. దాని తూర్పు అంచు హైదరాబాదుకు పడమట, వికారాబాదు, జహీరాబాదు ప్రాంతాల దాకా వస్తుంది. గాలి తగిలి తొందరగా చల్లారిన రాయి కనుక దాని రేణువులు కంటికి ఆనవు. పలుగురాయి దానిలో దాదాపు లేదు. అంటే ఇసుకగా మిగలవలసినదే లేదు. కాల్షియం, మెగ్నీషియం, ఇనుము మాత్రం సమృద్ధిగా ఉన్నాయి. ఇటువంటి రాయి మెట్టవానలో నానితే పుట్టేది మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమన్ను. దాని రేణువు పుస్తకంలోని పుటల వలె పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పుటల మధ్యకు నీరు దూరితే అది ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకొంటుంది. కేయొలినైట్‌కు ఈ గుణం లేదు.

నల్లరేగడి ప్రవర్తన అంతా ఈ ఉబ్బుడు, ముడుతల లోనే ఉన్నది. ఏప్రిల్, మే నెలల్లో నేల నోరు తెరిచి, చెయ్యి దూరేటంతగా బీటలు వారుతుంది. పైన పొడిగా రాలిన మన్ను ఆ బీటల్లోకి జారుతుంది. వానకు నేల ఉబ్బినప్పుడు లోపల చేరిన ఆ అదనపు మన్నుకు చోటు చాలక అడుగు మన్నును పక్కకూ పైకీ నెడుతుంది. ఇలా ఏటేటా పైమన్ను కిందికి, కిందిమన్ను పైకి మారుతూ ఉంటుంది. రేగడి తనను తాను దున్నుకొంటుందనే మాట దీన్నిబట్టి వచ్చినదే. నేల తనంత తాను కదులుతుంది కనుక దానిమీద పాతిన కంచెరాళ్ళు ఒరుగుతాయి, గోడలు చీలుతాయి. పైరుకు మాత్రం అది వరం. లోతైన రేగడి దాచుకోగలిగిన నీరు చల్కా దాచేదానికి రెట్టింపుకు పైగా ఉంటుంది. అందువల్లనే వానాకాలంలో బురదై అరక సాగని రేగడిని ఖాళీగా ఉంచి, వానలు వెనుకపట్టిన తరువాత అందులోని తేమనే నమ్ముకొని యాసంగిలో జొన్న, శనగ పండించే పద్ధతి తరతరాలుగా సాగింది. ఆంగ్లేయ భూవిజ్ఞానులు ఈ నేలను ‘రెగర్’ అని రాసుకొన్నారు. అది మన రేగడ మాటకు వచ్చిన రూపమే.

ఇంతవరకు చెప్పినదాన్నిబట్టి రాయే నేలను శాసిస్తుందనుకోవడం సహజం. కాని అది తొందరపాటు. ఆకాశాన్ని మార్చి రాతిని అలాగే ఉంచి చూస్తే తీర్పు తారుమారవుతుంది. పడమటి కనుమల మీది మహాబలేశ్వరం కూడా బసాల్టు కొండే. అక్కడ ఏటా 5,000 మిల్లీమీటర్లకు మించి వాన కురుస్తుంది. అంతటి వానకు సున్నమూ మెగ్నీషియమూ మాత్రమే కాదు, సిలికా కూడా కడిగివేయబడుతుంది. మిగిలేవి ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు. ఫలితంగా అక్కడి నేల నల్లరేగడి కాదు, ఎర్రని లాటరైటు. అదే రాయి ఎడారి అంచున నల్లనేలను, మేఘాల అంచున ఎర్రనేలను కన్నది. ఈ దృష్టితో మళ్ళీ పటాన్‌చెరు వైపు చూస్తే అక్కడి నల్లనేలలో వాన పాత్ర కూడా బయటపడుతుంది. బసాల్టులోని సున్నం కడిగివేయబడకుండా మిగిలేటంత తక్కువగా వాన కురవడం వల్లనే అక్కడ మాంట్‌మొరిల్లొనైట్ నిలిచింది. రేగడిలో తవ్వినప్పుడు దొరికే తెల్లని సున్నపు గులకలు కూడా, నీరు సున్నాన్ని బయటికి తీసుకొనిపోలేక సగం దారిలోనే వదిలివేసిందనడానికి సాక్ష్యం.

లాటరైటు చూడడానికి మహాబలేశ్వరం దాకా పోనక్కరలేదు. వికారాబాదు, జహీరాబాదు మెరకల మీదా, పొరుగున ఉన్న బీదరు పీఠభూమి మీదా బసాల్టుపై లాటరైటు టోపీ పెట్టినట్లు ఉన్నది. నేటి వాన దాన్ని పుట్టించేపాటిది కాదు. ఇప్పటికంటె ఎంతో తేమ గల ప్రాచీన వాతావరణంలో పుట్టి, ఆ వాతావరణం గతించినా నిలిచి ఉన్న శేషం అది. కేరళలో ఆ మట్టిని దిమ్మెలుగా కోసి ఆరబెట్టి ఇళ్ళు కట్టుకోవడం చూసిన ఫ్రాన్సిస్ బుకానన్ 1807లో, ఇటుక అనే అర్థం గల లాటిన్ మాటనుంచి దానికి ఆ పేరు పెట్టాడు. కాబట్టి నేలను పెంచిన వాన అంటే ఈనాటి వాన ఒక్కటే కాదు, ఎన్నడో కురిసి వెలిసిన వాన కూడా.

ఇక మరొక చిక్కు ఉన్నది. బసాల్టు జాడే లేని గ్రానైటు నాడులో కూడా అక్కడక్కడా నల్లనేల కనిపిస్తుంది. మెరకమీద ఎర్రచల్కా, వాలులో గోధుమవన్నె నేల, పల్లంలో నల్లమన్ను - తెలంగాణ పల్లెల్లో ఈ వరుస సర్వసాధారణం. రాయి ఒకటే, ఆకాశం ఒకటే. మారినది వాలు మాత్రమే. మెరక మీద కరిగిన కాల్షియం, సిలికా, సన్నని బంకరేణువులు పల్లానికి చేరి అక్కడ నిలిచిన నీటిలో మాంట్‌మొరిల్లొనైట్‌గా కొత్త రూపు దాలుస్తాయి. మెరక పోగొట్టుకొన్నది పల్లం కూడబెట్టుకొంటుంది. కాకతీయుల కాలంలో పదమూడవ శతాబ్దిలో తవ్వించిన రామప్ప, పాకాల వంటి చెరువులూ, ఊరూరా ఉన్న చిన్న కుంటలూ నీటితోపాటు ఈ సన్నమన్నును కూడా పట్టి ఉంచాయి. వేసవిలో చెరువు ఎండినప్పుడు పూడికమట్టిని బండ్లమీద తోలి చల్కాపొలాల్లో చల్లుకోవడం పాత ఆచారం. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయ పనుల్లో కూడా చెరువుల నుంచి తీసిన ఒండ్రును రైతులు పొలాలకు తరలించుకొన్నారు. ప్రకృతి పల్లానికి తరలించినదాన్ని రైతు తిరిగి మెరకకు చేర్చడమే ఇందులోని కిటుకు. ఇసుకనేలకు నీటిని నిలుపుకొనే బంక దానివల్ల సమకూరుతుంది.

రాయి, వాన, వాలు - ఇవన్నీ చెప్పినా గడ్డి మాట ఇంకా మిగిలే ఉన్నది. ఆ మాట చెప్పడానికి రష్యాకు వెళ్ళాలి. రష్యా, ఉక్రెయిన్ దేశాల మైదానాల్లో ‘చెర్నోజెమ్’ అనే నల్లనేల ఉన్నది. ఆ మాటకు అర్థమే నల్లమన్ను. అది సముద్రం విడిచిపోయిన బురద అని కొందరూ, చిత్తడినేలల కుళ్ళు అని మరికొందరూ వాదించుకొంటున్న కాలంలో వాసిలి దొకుచాయెవ్ అనే పరిశోధకుడు 1877, 1878 సంవత్సరాల్లో ఆ మైదానాలన్నీ తిరిగి, అడుగడుగునా గుంటలు తవ్వి చూశాడు. 1883లో వెలువడిన ఆయన ‘రష్యా చెర్నోజెమ్’ గ్రంథంతోనే నేలల శాస్త్రం భూగర్భశాస్త్రం చాటునుంచి బయటికి వచ్చి స్వతంత్రమైనదని చెప్పవచ్చు. నేల అంటే పొడి అయిన రాయి కాదనీ, శీతోష్ణస్థితి, మాతృపదార్థం, ప్రాణులు, భూమి ఎత్తుపల్లాలు, కాలం కలిసి తయారుచేసిన వేరొక వస్తువనీ ఆయన నిరూపించాడు. చెర్నోజెమ్ నలుపు గడ్డిది. గడ్డిమొక్క తన సంపదలో పెద్దభాగాన్ని వేళ్ళుగా భూమిలోనే దాస్తుంది. ఏటా ఆ సన్నని వేళ్ళలో కొంతభాగం చచ్చి కొత్తవి పుడతాయి. చలికాలమంతా నేల గడ్డకట్టి ఉంటుంది, వేసవి చివర ఎండిపోతుంది. కుళ్ళించే సూక్ష్మజీవులకు పని చేసుకొనే వ్యవధి తక్కువ. అందుచేత వేలాది ఏళ్ళ వేళ్ళ శిథిలం హ్యూమస్‌గా పోగుపడి, ఒక మీటరు లోతు వరకు నేలను నల్లబరచింది.

నల్లరేగడి కూడా నల్లనిదే కదా, అదికూడా గడ్డి ప్రసాదమే అనుకొన్నవారు లేకపోలేదు. రెండింటినీ ఒకే గాటకట్టిన రాతలు చాలానే వచ్చాయి. కాని పరీక్షలో తేలినది వేరు. రేగడిలో సేంద్రియ కర్బనం సాధారణంగా నూటికి ఒక పాలు కూడా ఉండదు. ఉన్న ఆ కొద్దిపాటి హ్యూమస్ మాంట్‌మొరిల్లొనైట్ పొరలకు గట్టిగా అంటుకొని, రంగు వేసినట్లు రేణువునంతా నల్లబరుస్తుంది. అంటే చెర్నోజెమ్‌ది నిండుకుండ నలుపు. రేగడిది కాటుకపూత నలుపు. రంగును చూసి సారాన్ని నిర్ణయించరాదనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

మరి దక్కనులో గడ్డి లేదా? ఉన్నది, కావలసినంత ఉన్నది. లేనిది చలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ, తొలకరి తడిసిన వెంటనే మేల్కొనే సూక్ష్మజీవులు, ఏడాది పొడవునా ఎండుగడ్డిని మోసుకుపోయే చెదలు, వేసవి కార్చిచ్చులు, మేకల మంద - వీటన్నిటి నడుమ గడ్డి దాచిన కర్బనం నిలవడం కష్టం. ఎర్రచల్కాలో అది చాలాచోట్ల అరశాతానికి అటూ ఇటూగా ఉంటుంది. ఒకే గడ్డి కుటుంబం అక్కడ కూడబెట్టగలిగినదాన్ని ఇక్కడ కూడబెట్టలేకపోవడానికి కారణం ఆకాశం. అయినా ఆ అరశాతమే చల్కాకు ప్రాణం. ఇసుకరేణువులను అంటిపెట్టుకొని ఉంచేదీ, పెచ్చు కట్టకుండా కాపాడేదీ, వానచినుకు తాకిడిని భరించేదీ అదే.

స్విట్జర్లాండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన హాన్స్ యెన్నీ 1941లో ప్రచురించిన గ్రంథంలో ఈ అంశాలను ఒక సమీకరణంగా కూర్చాడు. నాలుగింటిని కదలకుండా ఉంచి అయిదవదాన్ని మార్చి చూస్తే దాని ప్రభావమెంతో తెలుస్తుందన్నది ఆయన పద్ధతి. పటాన్‌చెరు, మహాబలేశ్వరం, తెలంగాణ పల్లెల మెరకపల్లాలు అటువంటి పరీక్షలే. ప్రకృతి తనంత తాను చేసిపెట్టినవి. రాయి గొప్పదా, వాన గొప్పదా అన్న వాదానికి ఇక్కడ ఒక సమాధానం దొరుకుతుంది. చూసే పటం ఎంత పెద్దదన్నదానిమీద అది ఆధారపడి ఉంటుంది. ఖండాల పటం పరిస్తే వానా చలీ గీసిన గీతలు కనిపిస్తాయి. ఒక జిల్లా పటం పరిస్తే రాతి గీతలు. ఒక ఊరి పటం పరిస్తే వాలు గీతలు.

గడ్డి నేలను మార్చినట్లే నేల కూడా గడ్డిని ఎంచుకొంటుంది. దేశమంతటా గడ్డిభూములను పరిశీలించి 1973లో దబద్‌ఘావ్, శంకరనారాయణ్ అనే శాస్త్రజ్ఞులు వెలువరించిన గ్రంథం దక్కను పీఠభూమి గడ్డిభూములను ‘సెహిమా-డైకాంథియం’ వర్గంగా పేర్కొన్నది. పలుచని గులకనేలల్లో సెహిమా, సమతలమైన లోతునేలల్లో డైకాంథియం పైచేయిగా ఉంటాయి. మొదటిది విడివిడి దుబ్బులుగా మొలిచి మధ్యలో మట్టిని కనబడనిస్తుంది. రెండవది నేలను దాదాపు కప్పివేస్తుంది. కంటికి గడ్డి అంతా ఒకటే. పశువుల కాపరికి మాత్రం ఏ బీడులో మేత ఏ నెల దాకా నిలుస్తుందో తెలుసు. అతడు చదివినది గడ్డినే అయినా తెలుసుకొన్నది నేలను.

నేల స్వభావాన్ని పాటించని సేద్యం ఎంత నష్టం తెస్తుందో తెలుగునాట చెప్పనక్కరలేదు. వేరు లోతుకు దిగి, పంటకాలం పొడవునా తేమ కోరే పత్తికి నల్లరేగడి పుట్టిల్లు. ధర ఆశతో 1980ల తరువాత అది ఎర్రచల్కాలమీదికి కూడా పాకింది. మూరెడు లోతు నేల, దానికింద మొరం. రెండు వారాలు వాన లేకపోతే వేరుకు తడి అందదు. 1997-98లో ఓరుగల్లు జిల్లాలో పత్తి దెబ్బతిని, అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకొన్నప్పుడు పురుగుల ఉధృతి, వాతావరణం, కల్తీ మందులు, వడ్డీలు అన్నీ చర్చకు వచ్చాయి. అవన్నీ నిజమైన కారణాలే. కాని అదే ప్రతికూల వర్షానికి చల్కామీది పైరుకూ రేగడిమీది పైరుకూ ఓర్పులో ఉన్న తేడాను కూడా ఆ లెక్కలో చేర్చవలసి ఉన్నది. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు పలనాటిలో వరి అన్నం దొరకక జొన్నకూడే గతి అయిందని వాపోతాయి. కవికి అది వెక్కిరింత కావచ్చు. మెట్టనేలలో జొన్ననే నమ్ముకొన్న ఆ రైతుల ఎంపికలో మాత్రం తప్పేమీ లేదు.

గడ్డి తొలగిన నేల గాలికి కూడా లోకువే. అమెరికా నడిమి మైదానాల గడ్డిభూములను విచక్షణ లేకుండా దున్నివేయగా, 1930లలో కరువు తోడై, ఆకాశమంతా ధూళి కమ్మింది. అక్కడి ప్రభుత్వం నేల సంరక్షణకు చట్టం చేసినది 1935లో, ఆ ధూళి తుఫానుల నడుమనే. మన దేశంలో గడ్డిభూములకు వచ్చిన చిక్కు పేరుతో మొదలవుతుంది. తెలంగాణ గ్రామాల్లో పశువుల మేతకు విడిచిన భూములకు కంచ, బంచరాయి, గైరాన్ అనే పేర్లున్నాయి. ప్రతి పేరులోనూ ఒక ఉపయోగం ఉన్నది. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఉపగ్రహ చిత్రాల సహాయంతో తయారుచేసిన బంజరుభూముల అట్లాసు 2000లో మొదటిసారి వెలువడింది. పొదలతో కూడిన మెట్టభూములు అందులో బంజరు కింద లెక్కకు వచ్చాయి. నరికిన అడవి స్థానంలో మిగిలినదే గడ్డి అని చాలాకాలం శాస్త్రజ్ఞులు కూడా భావించారు. తక్కువ వాన, పలుచని నేల గల చోట గడ్డిభూమి తనంత తానుగా నిలిచిన ప్రాచీన వ్యవస్థ కావచ్చుననే అభిప్రాయం ఇటీవల బలపడుతున్నది. ఈ రెండవదే సమంజసంగా తోస్తుంది. జానెడు మట్టికింద బండ ఉన్న చోట దట్టమైన అడవిని ఊహించడం ఆ నేలను తవ్వి చూడనివారికే సాధ్యం.

కర్నూలు జిల్లాలో, 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉన్న రోళ్ళపాడు గడ్డిభూమి ఇందుకు తార్కాణం. ఎత్తైన చెట్లు లేని, నలుదిక్కులా చూపు పారే పొట్టిగడ్డి మైదానంలోనే బతకగల బట్టమేక పక్షి కోసం 1988లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. అభయారణ్యం హద్దు లోపల గడ్డి నిలిచింది. హద్దు వెలుపలి బీళ్ళు మాత్రం సాగునీరు రావడంతో పొలాలుగా మారాయి. బట్టమేకకు కావలసినది హద్దు లోపలి ఆరు చదరపు కిలోమీటర్లు మాత్రమే కాదు, ఆ బీళ్ళు కూడా. ఒకప్పుడు గుంపుగా కనిపించిన ఆ పక్షి ఇప్పుడు రోళ్ళపాడులో కానరావడమే అరుదైపోయింది. జింకలు మాత్రం ఇప్పటికీ ఆ గడ్డిలో మేస్తున్నాయి.